మూస, చిన్నచూపు, పరజనద్వేషం

మనుషులు తమవారిని ఒక కంటితోను, పరాయివారిని మరొక కంటితోను చూడడం అన్ని దేశాల్లోనూ అన్ని కాలాల్లోనూ ఉన్నదే. ఈ చూపులోని తారతమ్యాన్ని తెలపడానికి సామాజిక శాస్త్రాల్లో ముఖ్యంగా మూడు మాటలు వాడుకలో ఉన్నాయి. ఆంగ్లంలో వాటిని స్టీరియోటైప్, ప్రెజుడిస్, జెనోఫోబియా అంటారు. తెలుగులో మూసభావన, దురభిప్రాయం, పరజనద్వేషం అనుకోవచ్చు. పత్రికల్లోనూ సభావేదికల మీదా ఈ మూడింటినీ కలగాపులగంగా వాడడం తరచుగా కనిపిస్తుంది. పొరుగు ప్రాంతం వాని ఉచ్చారణను వెక్కిరించిన విద్యార్థినీ, పొరుగు దేశం వాని ఇంటికి నిప్పుపెట్టిన గుంపునూ ఒకే మాటతో నిందిస్తే రెండు విధాల నష్టం. మొదటివాడు 'ఇంతమాత్రానికే అంత నిందా' అని నొచ్చుకొని చెప్పేది వినడం మానేస్తాడు. రెండోవారి నేరం చులకనైపోతుంది. అందుకే ఈ మాటల హద్దులు తెలుసుకోవడం కేవలం నిఘంటువుకు సంబంధించిన పని కాదు.

స్టీరియోటైప్ అనే మాట ముద్రణాలయంలో పుట్టింది. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా కూర్చి పుటను సిద్ధం చేసే రోజుల్లో, అదే పుటను మళ్ళీ మళ్ళీ అచ్చువేయవలసి వస్తే ప్రతిసారీ అక్షరాలు కూర్చుకోవడం పెద్ద శ్రమ. అందువల్ల కూర్చిన పుటకు అచ్చు తీసి, అందులో కరిగిన లోహం పోసి, గట్టి పలకను తయారుచేసేవారు. పద్దెనిమిదో శతాబ్దం చివర ఫ్రెంచి ముద్రాపకుడు ఫిర్మిన్ దిదో ఆ పద్ధతికి ఈ పేరు పెట్టాడు. గ్రీకు భాషలో 'స్టీరియోస్' అంటే గట్టిపడినది అని అర్థం. 1922లో అమెరికన్ పత్రికారచయిత వాల్టర్ లిప్‌మన్ 'పబ్లిక్ ఒపీనియన్' అనే గ్రంథంలో ఈ మాటను మనిషి ఆలోచనకు అన్వయించాడు. ప్రతి విషయాన్నీ స్వయంగా పరిశీలించే తీరిక ఎవరికీ ఉండదు కనుక, సమాజం ముందే చేసిపెట్టిన అచ్చులతో మనిషి పని గడుపుకొంటాడని ఆయన వివరించాడు.

తెలుగులో ఈ భావానికి 'మూస' అనే మాట చక్కగా అమరింది. కంసాలి బంగారం కరిగించే పాత్ర మూస. మూసలో పోసినట్లు అంటే ఒకదానికొకటి తేడా లేకుండా ఉన్నాయని అర్థం. మనుషులను మూసలో పోయడమంటే ఒక సమూహానికి చెందిన వారందరికీ ఒకే గుణాన్ని అంటగట్టడం. ఫలానా కులంవారు పిసినారులు, ఫలానా జిల్లావారు తగవులమారులు, ఫలానా మతంవారు మొండివారు అనే మాటలన్నీ మూసలే. మూస ఎప్పుడూ నిందగానే ఉండాలన్న నియమం లేదు. భారతీయులందరూ లెక్కల్లో దిట్టలన్నది పాశ్చాత్య దేశాల్లో వినవచ్చే పొగడ్త. లెక్కల్లో వెనుకబడిన భారతీయ బాలుణ్ణి అడిగితే ఆ పొగడ్త బరువెంతో చెబుతాడు.

మూసభావనపై వాదం మన సాహిత్యానికి కొత్త కాదు. మహాభారతంలోని కర్ణపర్వంలో కర్ణుని రథానికి సారథ్యం వహించిన శల్యుడు మద్రదేశానికి రాజు. ఇద్దరి మధ్య మాటామాటా పెరిగినప్పుడు కర్ణుడు మద్రదేశీయులందరినీ కట్టగట్టి దూషిస్తాడు. వారు మద్యపానులనీ, నమ్మదగనివారనీ, ఆచారం లేనివారనీ సుదీర్ఘంగా ఏకరువు పెడతాడు. ఆ మాటలు ఎక్కడివి? ధృతరాష్ట్రుని కొలువులో ఒక వృద్ధుడు చెప్పగా విన్నవి. మూసభావనలు సాధారణంగా ఇలా చెవి ద్వారానే వస్తాయి, కంటి ద్వారా కాదు. శల్యుడు మొదట కర్ణుడేలే అంగదేశంలోని దురాచారాలను ఎత్తిచూపుతాడు. ఆపైన ప్రతి దేశంలోనూ మంచివారూ చెడ్డవారూ ఉంటారనీ, నివాసం ఒకటైనంత మాత్రాన అందరికీ ఒకే పాపం పూయరాదనీ వాదిస్తాడు. మూసకు ముందు మూసతోనే జవాబు చెప్పి, తరువాత మూసనే పగలగొట్టడం ఈ సంభాషణలోని విశేషం. యుద్ధభూమిలో అంతటి వివేకాన్ని కవి శల్యుని నోట పలికించడం గమనింపదగినది.

మూసభావన బుద్ధికి సంబంధించినది. అది ఒక తప్పు సమాచారం, లేదా కొందరి విషయంలో మాత్రమే నిజమైన సమాచారం. కనుక దానికి సవరణ సాధ్యం. తెలుగువారిని ఉత్తరాదిలో చాలాకాలం 'మద్రాసీ' అన్నారు. 1953లో ఆంధ్రరాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత కూడా దశాబ్దాల తరబడి ఆ పిలుపు ఆగలేదు. వింధ్యకు దక్షిణాన ఉన్నవారంతా ఒకే భాష మాట్లాడతారనీ, మూడు పూటలా ఇడ్లీ సాంబారే తింటారనీ నమ్మినవారు అక్కడ ఎందరో ఉండేవారు. వారిలో చాలామందికి దక్షిణాదివారిపై ద్వేషమేమీ లేదు, తెలియకపోవడమే తప్ప. తెలుగువారు మాత్రం తక్కువ తిన్నారా? ప్రతిఫలం లేని శ్రమను 'అరవ చాకిరీ' అనడం మన పలుకుబడి. ఆ మాట వాడే వ్యక్తికి తమిళులపై కోపం ఉండనక్కరలేదు. కాని మాటలో మూస గడ్డకట్టి ఉంది.

దురభిప్రాయం ఇంతకంటె లోతైనది. అది హృదయానికి సంబంధించినది. ఎదుటివ్యక్తిని తెలుసుకోకముందే అతనిపై ఏర్పడే అయిష్టం, తక్కువభావం, అనుమానం దీని లక్షణాలు. మూసలో 'వారు ఇలాంటివారు' అనే నిర్ణయం ఉంటే, దురభిప్రాయంలో 'వారు నాకు దగ్గరగా ఉండరాదు' అనే కోరిక ఉంటుంది. నిత్యవ్యవహారంలో మనం చిన్నచూపు అనేది దీన్నే. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో 'ది నేచర్ ఆఫ్ ప్రెజుడిస్' అనే గ్రంథాన్ని వెలువరించాడు. దురభిప్రాయం చేతల్లోకి దిగే క్రమాన్ని ఆయన అయిదు మెట్లుగా వర్ణించాడు. తమలో తాము చెడుగా మాట్లాడుకోవడం మొదటిది. తరువాత దూరంగా తొలగడం, హక్కులూ అవకాశాలూ నిరాకరించడం, కొట్టడం, చివరకు సమూలంగా చంపడం. మొదటి మెట్టు ఎక్కినవారంతా చివరి మెట్టుకు చేరరు. కాని చివరి మెట్టుకు చేరిన ప్రతి సమాజమూ మొదటి మెట్టును దాటే వచ్చింది.

నిత్యజీవితంలోని చిన్నచూపు పెద్దగా అరవదు. పట్టణానికి చదువుకోవడానికి వచ్చిన విద్యార్థి అద్దెగది కోసం ఒక ఇంటి తలుపు తడతాడు. ఇంటి యజమాని మర్యాదగానే కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తాడు. ఊరేదని అడుగుతాడు. తండ్రిగారు ఏం చేస్తారని అడుగుతాడు. చివరకు గొంతు కాస్త తగ్గించి, 'మీరేవిట్లు బాబూ?' అంటాడు. కులం అన్న మాట పలకకుండా కులం అడగడానికి తెలుగు భాష కనిపెట్టిన నేర్పు అది. జవాబు విన్నాక 'మా బావమరది వస్తానన్నాడు, ఆ గది అతనికే ఇవ్వాలేమో' అంటే విద్యార్థికి అర్థమవుతుంది. ఎవరూ తిట్టలేదు. ఎవరిపైనా ఫిర్యాదు చేయడానికి ఆధారం లేదు. శాకాహారులకు మాత్రమే అని రాసిన పలకల వెనుక కొన్నిచోట్ల నిజంగానే ఆహారపు పట్టింపు ఉంటుంది, మరికొన్నిచోట్ల ఆహారం పేరుతో అడిగేది వేరొకటి.

యాస విషయంలో కనిపించే చిన్నచూపు విద్యార్థులకు మరింత పరిచితం. దశాబ్దాల పాటు తెలుగు చలనచిత్రాల్లో కథానాయకుడు కృష్ణా, గోదావరి మండలాల భాషకు దగ్గరగా మాట్లాడేవాడు. ప్రతినాయకుని అనుచరునికో, హాస్యపాత్రకో, పనివానికో తెలంగాణ యాసను గాని ఉత్తరాంధ్ర యాసను గాని అంటగట్టేవారు. రాయలసీమ యాస వినిపించిందంటే తెరపై కత్తులు కనిపించవలసిందే. ఇటీవలి సంవత్సరాల్లో ఈ ధోరణి చాలావరకు మారింది. అయితే ఆ చిత్రాలు చూస్తూ పెరిగిన తరాల్లో, తమ ఇంటిభాష నలుగురిలో నవ్వు పుట్టించేదని నమ్మి కళాశాల తరగతిలో నోరు విప్పనివారి సంఖ్య ఎవరూ లెక్కించలేదు. ఏ మాండలికానికీ పుట్టుకతో గొప్పతనం లేదు. పత్రికలూ పాఠ్యపుస్తకాలూ ఏ ప్రాంతంలో ముందుగా పెరిగితే ఆ ప్రాంతపు భాషకు ప్రమాణత్వం అబ్బుతుంది, అంతే.

మనిషి నోటి మాటకూ చేతకూ మధ్య ఉన్న దూరాన్ని తెలిపే ఒక ప్రసిద్ధ పరిశీలన ఉంది. అమెరికాలో చైనీయులపై తీవ్రమైన వ్యతిరేకత ఉన్న రోజులవి. 1882 నాటి చట్టం చైనా కార్మికుల రాకను నిషేధించింది. 1943లో గాని ఆ చట్టం రద్దు కాలేదు. రిచర్డ్ లపియర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1930 తరువాత ఒక చైనా దంపతులతో కలసి ఆ దేశంలో వేల మైళ్ళు ప్రయాణించాడు. వారు 251 వసతిగృహాలకూ భోజనశాలలకూ వెళ్ళగా, చేర్చుకోనిది ఒక్కచోట మాత్రమే. కొన్ని నెలల తరువాత ఆయన అవే సంస్థలకు ఉత్తరాలు రాసి, చైనీయులను అతిథులుగా స్వీకరిస్తారా అని అడిగాడు. జవాబిచ్చిన 128 సంస్థల్లో నూటికి తొంబైకి పైగా స్వీకరించమని రాశాయి! 1934లో ఈ ఫలితాలను ప్రకటించాడు. తలుపు దగ్గర నవ్వుతూ నిలుచున్న మనిషిని కాదనడం కష్టం, ఉత్తరంలోని ఒక జాతిపేరును కాదనడం తేలిక. కొందరి విషయంలో ఇది తలకిందులుగా ఉంటుంది. సభలో సమత్వం గురించి ఉపన్యసించి, ఇంటికి వచ్చి 'మీరేవిట్లు' అని అడిగేవారు మన సమాజంలో తక్కువేమీ కాదు.

దురభిప్రాయం పుట్టడానికి మూస కూడా అవసరం లేదని మరొక పరిశోధన తేల్చింది. హెన్రీ తాజ్‌ఫెల్ పోలెండులో జన్మించిన యూదుడు. రెండో ప్రపంచయుద్ధంలో ఫ్రెంచి సైనికుడిగా జర్మన్లకు పట్టుబడి బందీగా బతికి బయటపడ్డాడు. తిరిగివచ్చేసరికి ఆయన కుటుంబంలో దాదాపు ఎవరూ మిగలలేదు. తరువాత ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో పనిచేస్తూ పద్నాలుగు, పదిహేనేళ్ళ బాలురను రెండు జట్లుగా విభజించాడు. క్లే, కాండిన్‌స్కీ అనే ఇద్దరు చిత్రకారుల్లో ఎవరి చిత్రాలు నచ్చాయన్నదాన్ని బట్టి జట్లు ఏర్పడ్డాయని వారితో చెప్పాడు. నిజానికి ఆ విభజన కేవలం యాదృచ్ఛికం. ఎవరు ఏ జట్టులో ఉన్నారో కూడా వారికి తెలియదు. అయినా డబ్బు పంచమన్నప్పుడు బాలురు తమ జట్టువారి వైపే మొగ్గారు. తమ జట్టుకు వచ్చేది కొంత తగ్గినా సరే, అవతలి జట్టుకు ఇంకా తక్కువ రావాలని కోరుకోవడం అన్నిటికంటె ఆశ్చర్యకరం. 1970లో వెలువడిన ఈ ఫలితాలు మనం, వారు అనే గీత గీసినంతనే పక్షపాతం మొదలవుతుందని చూపాయి.

ఇక మూడోది పరజనద్వేషం. జెనోఫోబియా అనే మాటలో 'క్సెనోస్' అన్న గ్రీకు పదానికి పరాయివాడు అని అర్థం. విచిత్రమేమిటంటే ఆ పదానికే అతిథి అనే అర్థం కూడా ఉంది. 'ఫోబోస్' అంటే భయం. తెలుగులోని 'పరదేశి' శబ్దం కూడా ఇటువంటి ప్రయాణమే చేసింది. వేరే దేశంవాడు అనే అర్థం నుంచి దిక్కులేనివాడు, తిరిపెగాడు అనే అర్థానికి దిగింది. ఇక సంస్కృతంలోని 'మ్లేచ్ఛ' శబ్దమూ, గ్రీకులోని 'బార్బరోస్' శబ్దమూ మొదట స్పష్టంగా పలకలేనివాడు అనే అర్థంలో పుట్టినవే. పరాయితనాన్ని మనిషి ముందుగా గుర్తించేది చెవితోనన్నమాట.

దురభిప్రాయానికి లేని ఒక లక్షణం పరజనద్వేషానికి ఉంది. అది ముప్పు అనే భావన. దురభిప్రాయం గలవాడు ఎదుటివాణ్ణి తక్కువవాడనుకొంటాడు. పరజనద్వేషి మాత్రం ఎదుటివాడు తన ఉద్యోగాన్ని, భూమిని, భాషను, ఆడబిడ్డలను, చివరకు దేశాన్నే కాజేస్తాడని భయపడతాడు. అందువల్ల దూరంగా ఉంచడంతో అతనికి తృప్తి కలగదు, వెళ్ళగొట్టాలి. ఆ భయానికి పొందికైన చిత్రం కూడా అవసరం లేదు. వలసవచ్చినవారు సోమరులని ఒకే నోటితో నిందించి, తమ పనులన్నీ లాక్కొంటున్నారని మరుక్షణమే వాపోవడం ఎన్నో దేశాల్లో వినిపిస్తుంది. సోమరి పని ఎలా లాక్కొంటాడని ఎవరూ అడగరు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. వలసలకు పరిమితి ఉండాలనీ, స్థానికులకు ఉద్యోగాల్లో కొంత రక్షణ కావాలనీ కోరడం దానంతట అది పరజనద్వేషం కాదు. అది విధానానికి సంబంధించిన చర్చ. వలసవచ్చిన కూలీకీ, అతణ్ణి తక్కువ కూలికి తెచ్చిన యాజమాన్యానికీ తేడా చూడడం మానేసి, కూలీ పుట్టుకనే నేరంగా భావించిన క్షణాన ఆ చర్చ ద్వేషంగా మారుతుంది.

ఈ మూడు భావాలూ ఒకదానిలో ఒకటి ఎలా కలసిపోతాయో తెలుసుకోవడానికి తెలుగువారి చరిత్రలోనే ఒక అధ్యాయం ఉంది. అది బర్మాకు సంబంధించినది. పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్‌వారు మూడు యుద్ధాల్లో బర్మాను ఆక్రమించి, 1886లో మొత్తం దేశాన్ని ఇండియాలో ఒక రాష్ట్రంగా కలిపారు. 1937 ఏప్రిల్ 1న గాని అది వేరుపడలేదు. ఐరావతీ నది డెల్టాలో వరిసాగు విపరీతంగా పెరగడంతో కూలీలు కావలసివచ్చారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి పేదలు వేల సంఖ్యలో ఓడలెక్కారు. రంగూన్ నగరాన్ని వారు 'రంగం' అనేవారు. మేస్త్రీలు ముందుగా కొంత సొమ్ము బయానాగా ఇచ్చి తీసుకువెళ్ళి, ఆ అప్పు తీరేదాకా కూలిలో కోత కోసేవారు. బియ్యపు మిల్లుల్లో బస్తాలు మోయడం, రేవులో సరుకు ఎత్తడం, రిక్షాలు లాగడం, వీధులు ఊడవడం వారి పనులు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలకు పైబడ్డారు. రంగూన్ నగర జనాభాలో సగానికి మించి భారతీయులే.

అక్కడ ఈ తెలుగు కూలీలను 'కోరంగీలు' అన్నారు. గోదావరి ముఖాన, కాకినాడకు చేరువలో ఉన్న కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు, ఓడలు కట్టిన ఊరు. 1839 నాటి తుపాను ఉప్పెన దాన్ని దెబ్బతీసింది, క్రమంగా రేవు పూడిపోయింది. ఓడలు తరువాత కాకినాడ నుంచీ విశాఖ నుంచీ బయలుదేరినా పేరు మాత్రం మారలేదు. మారిషస్ వెళ్ళిన తెలుగువారికీ ఇదే పేరు పడింది. శ్రీకాకుళం వైపు మారుమూల పల్లెలో పుట్టి, కోరంగి ముఖం చూడనివాడు కూడా కోరంగీయే! మూస అనే మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

బర్మీయులు భారతీయులందరినీ 'కలా' అనేవారు. ఆ మాట మొదట తిట్టు కాదు. పడమటి సముద్రం దాటి వచ్చినవారందరికీ వర్తించేది. కుర్చీని బర్మా భాషలో నేటికీ కలావారి ఆసనం అనే అర్థం వచ్చే మాటతోనే పిలుస్తారు. కాలక్రమాన అందులో చిన్నచూపు చేరింది. ఇంకొక చిక్కు కూడా ఉంది. ఆ ఒక్క మాటలో చెట్టినాడు నుంచి వచ్చి వడ్డీవ్యాపారం చేసే తమిళ చెట్టియార్లూ, బస్తాలు మోసే తెలుగు కూలీలూ, వంగదేశపు ఉద్యోగులూ కలసిపోయారు. 1929 తరువాతి ఆర్థికమాంద్యంలో వరిధర కుప్పకూలింది. అప్పులు తీర్చలేని రైతుల భూములు చెట్టియార్ల పరమయ్యాయి. దిగువ బర్మాలోని పదమూడు ముఖ్యమైన వరి జిల్లాల్లో 1930 నాటికి ఆరు శాతంగా ఉన్న వారి భూమి, 1937 నాటికి ఇరవై అయిదు శాతానికి చేరింది. భూమి పోయిన రైతు ఆక్రోశం అబద్ధం కాదు. కాని ఆ ఆక్రోశం వేలంపాటలో భూమి కొన్నవానిపై కాక, జానెడు భూమి లేని రేవుకూలీ నెత్తిన పడింది. రైతు దృష్టిలో ఇద్దరూ కలాలే కదా.

1930 మే నెలలో రంగూన్ రేవులోని తెలుగు కూలీలు వేతనం పెంచమని సమ్మె కట్టారు. సరుకు ఎత్తించే కంపెనీలు వారి స్థానంలో బర్మీయులను చేర్చుకొన్నాయి. పని లేక అలమటిస్తున్న బర్మీయులు భార్యాబిడ్డలను పోషించుకోవచ్చునని ఆశపడ్డారు. కొన్నాళ్ళకు కంపెనీలు తెలుగు కూలీలతో రాజీపడ్డాయి. మే 26న ఎప్పటిలాగే పనికి వచ్చిన బర్మా కూలీలను ఇక అక్కరలేదన్నారు. తిరిగి పనిలో చేరినవారిలో కొందరు వారిని చూసి వెక్కిరించినట్లు చెబుతారు. ఘర్షణ అక్కడ మొదలై నగరమంతా పాకింది. కొన్ని రోజులపాటు సాగిన ఆ అల్లర్లలో వందకు పైగా ప్రాణాలు పోయాయి. మృతుల్లో అత్యధికులు భారతీయులు, అందులోనూ తెలుగు కూలీలు. రిక్షా లాగేవారినీ దారినపోయేవారినీ వెదకి మరీ నరికారు. వేతనం పెంచకుండా రెండు జట్ల పేదలను ఒకరిపై ఒకరిని పోటీకి నిలిపిన కంపెనీల కార్యాలయాలకు మాత్రం ఆ కత్తులు చేరలేదు. పేరులో ఉన్న మూస, రోజూ ఎదురైన చిన్నచూపు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. పని పోతుందన్న భయం తోడైన నాడు అవి పరజనద్వేషంగా మారాయి.

1938లో మరొకసారి భారతీయులపై దాడులు జరిగాయి. 1941 డిసెంబరులో జపాన్ విమానాలు రంగూన్‌పై బాంబులు కురిపించగానే లక్షలాదిమంది భారతీయులు కాలినడకన అడవులూ కొండలూ దాటి స్వదేశం దారి పట్టారు. సుమారు నాలుగైదు లక్షలమంది బయలుదేరితే వేలమంది దారిలోనే కలరాతో, ఆకలితో కన్నుమూశారు.

భయం చెవిలో నుంచి ప్రవేశిస్తుందనడానికి జపాన్ చరిత్రలో ఒక భయంకరమైన నిదర్శనం కనిపిస్తుంది. 1923 సెప్టెంబరు 1న కాంటో ప్రాంతాన్ని భూకంపం కుదిపివేసింది. టోక్యో, యోకోహామా నగరాలు కాలిపోయాయి. లక్షమందికి పైగా మరణించారు. కొరియన్లు బావుల్లో విషం కలుపుతున్నారనీ, ఇళ్ళకు నిప్పుపెడుతున్నారనీ వదంతి లేచింది. కొరియా అప్పుడు జపాన్ వలసరాజ్యం. అక్కడినుంచి వచ్చిన కూలీల పట్ల చిన్నచూపు ముందునుంచీ ఉన్నదే. వీధుల్లో కాపలా దళాలు వెలిశాయి. దారినపోయేవారిని నిలిపి, పదిహేను యెన్‌ల యాభై సెన్‌లు అనే అర్థం గల జపనీస్ మాటను పలకమన్నారు. అందులోని గజడదబాది ధ్వనులు మాట మొదట్లో పలకడం కొరియన్లకు కష్టం. తడబడినవారిని చంపారు. వేలమంది హతులయ్యారు. ఈ హత్యల్లో కొందరు పోలీసులూ సైనికులూ కూడా పాల్గొన్నారు. చిబా మండలంలోని ఫుకుదా గ్రామంలో కగావా ప్రాంతం నుంచి వచ్చిన తిరుగుడు వర్తకులు తొమ్మిదిమందిని చంపివేశారు. వారు కొరియన్లు కారు, సాటి జపనీయులే. వారి యాస వేరు, అంతే. చలనచిత్రంలో నవ్వు పుట్టించే యాసకూ ప్రాణం తీసే యాసకూ మధ్య ఉన్నది ఒక్క వదంతి.

వదంతి వేగం తరువాతి కాలంలో పెరిగిందేగాని తగ్గలేదు. 2012 ఆగస్టులో ఈశాన్య రాష్ట్రాలవారిపై దాడులు జరగబోతున్నాయని ఎస్సెమ్మెస్‌లు వ్యాపించాయి. బెంగుళూరు రైల్వేస్టేషన్ వేలాదిమంది ఈశాన్య యువతీయువకులతో నిండిపోయింది. గౌహతికి ప్రత్యేక రైళ్ళు నడపవలసి వచ్చింది. పెద్దమొత్తంలో ఎస్సెమ్మెస్‌లు పంపడంపై ప్రభుత్వం తాత్కాలికంగా ఆంక్షలు విధించింది. అక్కడ పెద్దయెత్తున దాడులు జరగలేదు. అయినా అంతమంది ఒక్కపెట్టున ఎందుకు కదలిపోయారు? ముఖకవళికలను చూసి విదేశీయులుగా పిలిచే వెక్కిరింత వారికి నిత్యానుభవం. దానికి అలవాటుపడిన మనసుకు ఆ వదంతి నమ్మదగినదిగా తోచింది. చిన్నచూపు చేసే హాని అది జరిగిన క్షణానికే పరిమితం కాదనడానికి ఇది తార్కాణం.

మూస ఎంత గుడ్డిదో 2017 ఫిబ్రవరి 22న అమెరికాలో తేటతెల్లమైంది. కాన్సస్ రాష్ట్రంలోని ఒలేథ పట్టణంలో ఇద్దరు తెలుగు ఇంజినీర్లపై ఒక వ్యక్తి తమ దేశం విడిచిపొమ్మని అరుస్తూ కాల్పులు జరిపాడు. ఒకరు మరణించారు. అడ్డుకోబోయిన స్థానిక అమెరికన్ యువకుడు కూడా గాయపడ్డాడు. హంతకుడు తాను కాల్చింది ఇరాన్ దేశీయులననుకొన్నాడు. అతనికి యావజ్జీవ కారాగారశిక్ష పడింది. నిజంగా ఇరాన్‌వారే అయివుంటే మాత్రం అది ఏ విధంగా తక్కువ నేరం?

మూడింటికీ స్వభావం వేరు కనుక చికిత్సా వేరే. మూసభావన సమాచారంతో సడలుతుంది. పటం చూపి, పేర్లు చెప్పి, నాలుగు భాషల తేడా వినిపిస్తే 'మద్రాసీ' అన్నవాడు నాలుక కరుచుకొంటాడు. దురభిప్రాయం అంత సులువుగా లొంగదు. పరస్పర పరిచయం దాన్ని తగ్గించగలదని ఆల్‌పోర్ట్ చెప్పినా, అందుకు కొన్ని నియమాలు పెట్టాడు. ఇరువురూ సమానస్థాయిలో కలవాలి, ఒకే లక్ష్యం కోసం కలసి పనిచేయాలి, దానికి సంస్థ అండ ఉండాలి. యజమాని ఇంటి పనిమనిషిని ఇరవై ఏళ్ళుగా రోజూ చూస్తున్నా చిన్నచూపు పోకపోవడానికి మొదటి నియమం లేకపోవడమే కారణం. కళాశాల వసతిగృహంలో, క్రికెట్ జట్టులో ఈ మూడు నియమాలూ కొంతవరకు నెరవేరుతాయి.

పరజనద్వేషం దగ్గర చదువూ పరిచయమూ చాలవు. గుంపు కదిలాక దాన్ని ఆపవలసింది ప్రభుత్వమూ చట్టమూ. భారత రాజ్యాంగం 15వ అధికరణంలో జన్మస్థలం కారణంగా వివక్ష చూపడాన్ని నిషేధించింది. 19వ అధికరణం దేశంలో ఎక్కడైనా సంచరించే, నివసించే హక్కును పౌరులకు ఇచ్చింది. మతం, జాతి, జన్మస్థలం, భాష ఆధారంగా సమూహాల మధ్య శత్రుత్వాన్ని రెచ్చగొట్టడం భారత శిక్షాస్మృతి 153ఎ సెక్షన్ కింద నేరంగా ఉండేది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయసంహితలో 196వ సెక్షన్‌గా కొనసాగుతోంది. అయితే చట్టమే పరజనద్వేషానికి పనిముట్టయ్యే సందర్భాలూ ఉన్నాయి. బర్మాలో 1962లో సైన్యం అధికారం చేజిక్కించుకొన్న తరువాత దుకాణాలనూ వ్యాపారాలనూ జాతీయం చేసింది. 1964 మే నెలలో యాభై, వంద చాట్‌ల నోట్లు చెల్లవని ప్రకటించింది. కూడబెట్టినది చేజారిన భారతీయులు లక్షల సంఖ్యలో కట్టుబట్టలతో ఓడలెక్కారు. 1982 నాటి పౌరసత్వ చట్టం 1823కు ముందే ఆ దేశంలో స్థిరపడిన జాతులవారికే పుట్టుకతో పూర్తి పౌరసత్వం ఇచ్చింది. ఆ సంవత్సరం ఎంపిక యాదృచ్ఛికం కాదు. బ్రిటిష్‌వారితో మొదటి యుద్ధం 1824లో మొదలైంది. ఆ తరువాత వచ్చిన కూలీల మనుమలు, మునిమనుమలు అక్కడే పుట్టి, ఆ భాషే మాట్లాడుతున్నా రెండో తరగతి పత్రాలతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

తిరిగివచ్చినవారిలో తెలుగువారు ఆంధ్రప్రదేశ్‌లో పలుచోట్ల స్థిరపడ్డారు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేరు నేటికీ నిలిచివుంది. అధికార పత్రాల్లో వారిని కాందిశీకులన్నారు. ఏ దిక్కుకు పోవాలి అని అడిగేవాడు అన్నది సంస్కృతంలో ఆ శబ్దానికి వ్యుత్పత్తి. రంగూన్‌లో వారు కోరంగీలు. తాతతండ్రుల గడ్డపై దిగాక ఇరుగుపొరుగువారు వారిని బర్మావాళ్ళు అన్నారు.